అరుపు ఎక్కువైతే నీళ్లు ఎక్కువైనట్టా

పొద్దున్నే మాత్రల రేకు చిటుక్కుమంటుంది. ఖాళీ కడుపు మీద వేసుకునే ఆ తెల్ల బిళ్ల నాలుకకు సుద్దలా తగులుతుంది. మింగేముందు రేకు మీద గడువు తేదీ చూస్తాను, నిన్న చూసిన రేకే అయినా సరే. నమ్మడం నా ఒంట్లో లేదు. ఆ సుద్ద రుచి మాత్రం రోజూ సరళ మేడమ్‌ను తెచ్చి నా ఎదుట నిలబెడుతుంది.

తొంభైల్లో బాన్సువాడ జూనియర్ కాలేజీలో ఆమె మాకు జంతుశాస్త్రం చెప్పేవారు. ఒకనాడు బోర్డు మీద తల, మెడ గీసి, మెదడు కింది పిట్యూటరీ గ్రంథి గొంతులోని థైరాయిడ్‌కు హుకుం పంపుతుందని, రక్తంలో థైరాయిడ్ హార్మోన్ సరిపోగానే ఆ హుకుం తగ్గిస్తుందని చెప్పారు. నేను ఊరుకుంటానా?

“సరిపోయిందని దానికెవరు చెప్తరు మేడమ్?”

“ఎవ్వరు చెప్పరు. రక్తం ఆడికి గూడ పోతది గదా, అదే చూసుకుంటది.”

“ఒక్కసారి చూసి నమ్ముతదా?”

“నమ్మదు. మల్ల మల్ల చూస్తనే ఉంటది. అచ్చం నీ లెక్కనే.”

క్లాసంతా నవ్వింది. నెల రోజులు ఆమెతో ముభావంగా ఉన్నాను.

పదేళ్లు దాటాయి. అప్పటికే ఒక కడుపు నిలవలేదు. రెండోసారి మూడో నెలలో డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, థైరాయిడ్ తక్కువుందని మాత్రలు రాసింది. కాగితంలో చూస్తే టీఎస్‌హెచ్ ఎదుట ‘ఎక్కువ’ అని ఉంది. ఎక్కువున్నదాన్ని ఇంకా పెంచుతారా? డాక్టరమ్మకూ కింది మందుల దుకాణానికీ ఏదో లోపాయికారీ ఒప్పందం ఉందని తేల్చుకుని, పది రోజులు మాత్ర ముట్టలేదు.

ఆ రోజుల్లోనే బస్టాండులో బీర్కూర్ బస్సు కోసం నిలబడ్డ మేడమ్ కనిపించారు. మోసం పట్టుకున్న గర్వంతో కాగితం చూపించాను. బస్సు వచ్చింది, పోయింది. ఆమె ఎక్కలేదు.

“మా బాపు నిజాంసాగర్ కాల్వ మీద లష్కర్. తూము తలుపు ఎత్తేటోడు. ఒక యేడు తలుపు తుప్పువట్టి లేవలే. చివరి పొలాలకు నీళ్లు పోలే. ఇగ నీళ్లు ఇడువుమని ఆఫీసు నుంచి అరుపులే అరుపులు. అరుపు ఎక్కువైతే నీళ్లు ఎక్కువైనట్టానే?”

“కాదు.”

“గీ టీఎస్‌హెచ్ పిట్యూటరీ అరుపు. నీళ్లంటే గా కింది అంకె, టీ-ఫోర్, థైరాయిడ్ ఇచ్చే హార్మోన్. ఎంత తక్కువుందో చూడు. గిప్పుడు కడుపుల బిడ్డకు అందాల్సింది గా నీళ్లే.”

క్లాసులో అంత వాదించిన నేను, ఆ హుకుం పేరే టీఎస్‌హెచ్ అన్నది మరిచిపోయాను. అయినా నోరు ఊరుకోలేదు. “డాక్టరమ్మకు కమీషన్ ఉన్నదేమో...”

“అనుమానపడు, వద్దంటలేను. మాత్ర మింగుకుంట అనుమానపడు. నెలకు మల్ల పరీక్ష చేయించు. అరుపు తగ్గకుంటే నేనే వచ్చి నీ దిక్కు కొట్లాడుత.”

అలా అంటూనే చెయ్యి పట్టుకుని దవాఖానకు తీసుకుపోయి, పది రోజుల నా ఘనకార్యం డాక్టరమ్మకు చెప్పేశారు. నెల తర్వాత టీఎస్‌హెచ్ అంకె దిగింది. నమ్మక, నిజామాబాద్ వెళ్లి ఇంకోచోట చేయించాను. అక్కడా దిగింది. “పిట్యూటరీ నయం, దానికి బస్సు కిరాయి లేదు” అన్నారు మేడమ్.

పాప పుట్టింది. ఇప్పుడు అది నాతోనే వాదిస్తుంది. మేడమ్ లేరు. ఎవరైనా నా ముందు గొంతు పెంచితే ఏదో దాస్తున్నారనే ఇప్పటికీ మొదట అనుకుంటాను. ఆ తర్వాత, ఎక్కడ నీళ్లందడం లేదో చూస్తాను.