అబ్రహాము తాత, నిద్రపోయే పుదీన

సురంగల్‌లో అబ్రహాము తాతకు ఒకటే జబ్బు: ఆయన పెంచిన మొక్కలు ఎప్పుడు చూసినా నిద్రలోనే ఉంటాయి.

పొద్దున మనవరాలు ఆశా కత్తెర పట్టుకొని వస్తే, "ఉష్! ఇప్పుడే కన్నంటుకున్నది వాటికి" అంటాడు. మధ్యాహ్నం పోతే కునుకు. సాయంత్రమైతే, "పొద్దుగూకినంక ఆకు తెంపుతరా ఎవరన్న?"

బస్సు స్టీరింగ్ తప్ప ఏమీ పట్టని మనిషి, రిటైరయ్యాక పుదీన పట్టాడు. మొయినాబాద్ బస్టాండు దగ్గర ఎంకమ్మ అమ్మే కట్ట తెచ్చి, ఆకు చట్నీకి పోగా మిగిలిన కాడల్ని పెయింటు డబ్బాలో గుచ్చాడు. వేర్లు వచ్చాయా లేదా అని రోజూ పీకి చూసేవాడు. "పండుకున్నోళ్లను గట్ల లేపుతరా తాతా?" అని ఆశా అన్నదే పాపం, ఆ మాట పట్టుకొని ఇక వదల్లేదు.

డబ్బాలోంచి బకెట్‌కు, బకెట్‌లోంచి పగిలిన సింకుకు పుదీన పాకింది. తాత ఎర్ర మంకీ టోపీ పెట్టుకొని, పక్కనే కుర్చీ వేసుకొని, ఆ వాసనలో కళ్లు సగం మూసి, గండిపేట చెరువు గాలిలో బస్సు నడుపుతున్నట్టు చేతులు మెల్లగా తిప్పేవాడు.

ఆ ఏడే ఎంకమ్మ పుదీన పెంచే కౌలు మడి ఫామ్‌హౌసు గోడ లోపలికి పోయింది. ఇక ఆమె గంప మూలకు పడ్డట్టే అనుకున్నారంతా.

"ఇంట్ల గింత పుదీన పెట్టుకొని కొననీకి పోవాల్నా?" అని ఆశా వాళ్లమ్మ సరోజ మొత్తుకునేది. వింతేమిటంటే, ఎవరూ తెంపని మొక్కలు తెల్లారేసరికి పొట్టిగా అయ్యేవి.

"ముడుసుకొని పండుకున్నయ్" అనేవాడు తాత.

ఒక శనివారం బిర్యానీకని ఆశాను ఎంకమ్మ దగ్గరికి పంపారు. గంప నిండుగా ఉన్నది! చేతికొచ్చిన కట్టకు పురికొస లేదు, ఎర్ర ఉన్ని దారం చుట్టి ఉన్నది. అది తాత మంకీ టోపీ దారం! ఆ టోపీ అంచు రోజురోజుకూ ఎందుకు చెవుల పైకి పోతున్నదో ఆశాకు అప్పుడు తెలిసింది.

"గీ పుదీన ఎవరిది అవ్వా?"

"మీ తాత పొద్దుగాల్నే పెట్టిపోతడు బిడ్డా. ‘నీ కాడలే ఎంకమ్మా, మా ఇంట్ల కిరాయికున్నయ్ గంతే’ అంటడు. వద్దంటే ఇంటడా?"

ఆశా ఇంటికొచ్చేసరికి తాత కుర్చీలో కళ్లు మూసుకొని ఉన్నాడు. టోపీ నడినెత్తిన చిన్న గిన్నెలా మిగిలింది. సరోజ కత్తెరతో వస్తున్నది.

"ఇయ్యాల కోసుడే!"

ఆశా ఎర్ర దారం జేబులో దాచి, అడ్డం నిలబడింది.

"ఉష్... అమ్మా! ఇప్పుడే కన్నంటుకున్నది వాటికి."

తాత ఒక కన్ను తెరిచి చూశాడు. మళ్లీ మూసుకొని, బస్సును మెల్లగా ముందుకు పోనిచ్చాడు.