తోడేళ్ళ గుట్టకు వకాల్తా

జిరాక్స్ మిషన్‌లోంచి అప్పుడే బయటికొచ్చిన కాగితం వాసన ఎక్కడ తగిలినా నాకు మోతీలాల్ సార్ గుర్తొస్తారు. మొన్న మిర్యాలగూడ బస్టాండు పక్కన ఒక దుకాణం ముందు నిలబడితే ఆ వేడి వాసన వచ్చింది. సార్ పోయి రెండేళ్ళు. అయినా "ఇంకో కాపీ తీయ్ బిడ్డా, ఒకటి ఆఫీసోళ్ళు ఎట్లైనా పారేసుకుంటరు" అని వెనక ఎవరో అన్నట్టే అనిపించి తిరిగి చూశాను.

సూర్యాపేట కోర్టు దగ్గర నాకు డీటీపీ సెంటర్ ఉండేది. ఆయన అటవీశాఖలో బీట్ ఆఫీసర్‌గా చేసి రిటైరయ్యారు. చివ్వెంల వైపు ఒక తండాలో పుట్టిన మనిషి. ఆ తండా వెనక ఒక రాళ్ళగుట్ట, చుట్టూ తుప్పలు, గడ్డి. అది అడవి అని ఏ రికార్డులోనూ లేదు, రెవెన్యూ కాగితాల్లో ఉత్త బంజరు. కానీ అక్కడ తోడేళ్ళు పిల్లల్ని పెడతాయి, నెమళ్ళు తిరుగుతాయి, మూడు ఊళ్ళ గొర్రెలు మేస్తాయి. అలాంటి ప్రభుత్వ భూములను ఎవరినీ అడగకుండా కంపెనీలకు కేటాయించవచ్చంటూ ఒక చట్టం ముసాయిదా వచ్చింది. కేటాయించే ముందు గ్రామసభను అడగాలి, అక్కడ ఏ జంతువులున్నాయో పరిశీలించాలి అన్న రెండు వాక్యాలు అందులో చేర్పించాలని సార్ పట్టుబట్టారు.

మొదటి వినతిపత్రాన్ని అలవాటు కొద్దీ "తమ విధేయుడు" అని ముగించాను. ఆయన చదివి కళ్ళద్దాలు తీశారు.

"విధేయుడు కొట్టెయ్."

"మరి ఏం కొట్టాలె సార్?"

"మీ ఓటరు అని కొట్టు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

సంతకాల కోసం గుట్టకు వెళ్ళినప్పుడు నన్నూ బండి మీద తీసుకెళ్ళారు. అక్కడ లింగయ్య అనే గొర్ల కాపరి కాగితం ముట్టలేదు. "పోయిన నెల రెండు గొర్రెపిల్లలను ఎత్కపోయింది. తోడేలుకు చట్టమంటున్నవ్, నా గొర్రెకు ఏం చట్టం సార్?" అని నిలదీశాడు. సార్ కాగితం మడిచి పక్కనున్న రాయి మీద కూర్చున్నారు. "నువ్వన్నది నిజమే లింగయ్యా. నేను మర్చిన" అన్నారు. మర్నాడు పొద్దున్నే దుకాణానికి వచ్చి, తోడేలు చంపిన ప్రతి గొర్రెకు నష్టపరిహారం ఇవ్వాలన్న మూడో వాక్యం చేర్పించారు. లింగయ్య సంతకం పెట్టాడు, మరో నలుగురితో పెట్టించాడు కూడా. తప్పు ఒప్పుకోవడం వల్ల మనిషి పట్టు సడలదని నేను ఆ రాయి దగ్గరే చూశాను.

ముసాయిదాను పరిశీలించే సంఘంలో సభ్యుడైన ఒక నాయకుడు కోదాడలో ఉండేవాడు. ఆయన ఇంటికి నాలుగుసార్లు వెళ్ళాం. మూడుసార్లు గేటు దగ్గరి నుంచే పంపించేశారు. నాలుగోసారి సహాయకుడు కాగితం తిరగేసి, "జంతువులకు ఓట్లుండవు కదండీ పెద్దాయనా" అన్నాడు.

"గొర్ల కాపర్లకు ఉన్నయ్. సంతకాలు లెక్కవెట్టుకో" అన్నారు సార్, వరండాలో ఉన్న వాళ్ళందరికీ వినబడేలా.

లోపలి నుంచి నాయకుడే బయటికొచ్చాడు. నిలబడే చదివాడు. "మూడూ అంటే కష్టమండీ, ఒకదానికి మాట్లాడతాను" అన్నాడు.

"మూడింటికీ మాట్లాడండి. ఒకటైతే మళ్ళ వస్త" అన్నారు సార్.

ఒకటే అయింది. చట్టంలో గ్రామసభ వాక్యం చేరింది, జంతువుల మాట, గొర్రెల మాట చేరలేదు. కబురు విన్న రోజు నేను ఏడుపు మొహం పెట్టాను. సార్ తెల్లకాగితం నా ముందుకు జరిపి, "ఇగ మిగిలిన రెండింటికి రాయి" అన్నారు. ఆ పని మీద తిరుగుతూనే జబ్బుపడ్డారు. దవాఖానకు చూడబోతే ఒంట్లో ఎలా ఉందో చెప్పకుండా, ఉత్తరానికి జవాబొచ్చిందా అని అడిగారు. రాలేదు. ఆ మాటే చెప్పాను, అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

నేనిప్పుడు హుజూర్‌నగర్ దగ్గర మా అత్తగారి ఊళ్ళో ఉంటున్నాను. పోయిన నెల మా ఊరి గుట్టను క్వారీకి ఇవ్వడానికి గ్రామసభ పెట్టారు. పెట్టక తప్పలేదు, చట్టంలో ఆ వాక్యం ఉంది మరి. గట్టిగా మాట్లాడే స్వభావం నాకు ఎన్నడూ లేదు. అయినా లేచి, గుట్టను ఇయ్యడానికి మేం ఒప్పుకోం అని చెప్పాను.

"గుట్ట పక్కన మీకు పట్టా ఉందా అమ్మా?" అని అడిగాడు వచ్చిన అధికారి.

"పక్కన ఏం లేదు సార్. గుట్టే మాది."

కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు. వెనక కుర్చీలు జరిగిన చప్పుడైంది. తిరిగి చూస్తే ఇంకో పదిమంది ఆడవాళ్ళు లేచి నిలబడి ఉన్నారు.