కొత్త కారు మీద తుమ్మబంక

ఆ శనివారం పొద్దున అక్క ఫోన్ చేసేసరికి నేను మా ఇంటి ముందు ఆమె కొత్త కారు బానెట్‌ను గోరుతో గీకుతున్నాను.

"బండి బయటికి తీసినవా రా?" అని అడిగింది.

"లేదక్కా. కవరు గూడ తియ్యలే."

"మంచిది. రేపు అయ్యగారు ప్రార్థన చేసేదాకా జెర అట్లనే ఉండనీ."

ఫోన్ పెట్టేశాక గోట్లో ఇరుక్కున్న బంక ముక్కను చూసుకున్నాను. నా మీద నాకే ఒళ్లు మండింది. అబద్ధం ఆడటానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు.

అక్క సంగారెడ్డి దగ్గర ఒక ఊళ్లో సర్కారు బడి టీచరు. పద్దెనిమిదేళ్లు షేర్ ఆటోల్లో, సగం ఒళ్లు బయటే ఉంచి, ఒళ్లో టిఫిన్ డబ్బా, పిల్లల పరీక్ష పేపర్లు పెట్టుకుని తిరిగింది. ఇన్నాళ్లకు సొంతంగా కారు కొనుక్కుంది. ముదురు ఎరుపు. ఆ రంగు ఎంచుకోవడానికే రెండు ఆదివారాలు నన్ను షోరూం చుట్టూ తిప్పింది. ఆమెకింకా నడపడం రాదు, నేను నేర్పాలి. వాళ్ల వీధిని పైపుల కోసం తవ్వి వదిలేశారు కాబట్టి బండిని ఇంద్రేశంలో మా ఇంటి ముందు పెట్టించింది. ఏ కొత్త వస్తువైనా చర్చి మందిరంలో పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశాకే వాడటం మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ ఉన్న పద్ధతి. మా అమ్మ కుట్టుమిషన్ కూడా అలాగే మొదలైంది. అందుకే అక్క నన్ను అడిగింది ఒక్కటే, ఆదివారం దాకా బండి కదిలించొద్దని.

ఆగడం నా వల్ల కాలేదు. గురువారం, శుక్రవారం రెండు రోజులూ దాన్ని బొల్లారం తీసుకెళ్లాను. అక్కడ ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పన్నెండేళ్లుగా కెమిస్టును. రోజూ కంపెనీ బస్సు దిగే మనిషి కొత్త కారు దిగితే ఎలా ఉంటుందో చూడాలనిపించింది. "నీదేనా అన్నా?" అని అడిగిన వాళ్లకు ఔననలేదు, కాదనలేదు, నవ్వి ఊరుకున్నాను. ఎండకు రంగు పాడవుతుందని కంపెనీ గేటు పక్కన తుమ్మచెట్టు నీడలో పెట్టాను. కరెంటు తీగలకు అడ్డమొస్తున్నాయని ఆ చెట్టు కొమ్మలు ఈ మధ్యే నరికారు. ఒక్కసారి తల ఎత్తి ఉంటే నరికిన చోటల్లా బంక కారడం కనిపించేది. నేను తల ఎత్తలేదు. కారును చూస్తున్న వాళ్ల మొహాలు చూడటానికే సరిపోయింది నాకు.

శుక్రవారం ఎండకు, కారు మీద రాలిన బంక చుక్కలు రాళ్లలా బిగుసుకుపోయాయి. పైకప్పు మీద తొమ్మిది, బానెట్ మీద ఆరు.

కెమిస్టును కదా, ధైర్యంగానే మొదలుపెట్టాను. ల్యాబ్‌లో గాజుసామానుకు ఏది అంటుకున్నా మేం చేసేది ఒకటే. కరిగించే ద్రావకం, అదే సాల్వెంట్, ఒకదానికి లొంగకపోతే ఇంకొకటి పోస్తాం. నీళ్లు మా వరుసలో చిట్టచివర వస్తాయి. ముందు శానిటైజర్ పోశాను. బంక తెల్లబడి ఇంకా గట్టిపడింది. అక్కడే ఆగి ఆలోచించాల్సింది. ఆ ఓపిక లేక బైకు మీద హార్డ్‌వేర్ దుకాణానికి పోయి రంగులు పలచన చేసే థిన్నర్ తెచ్చాను. పాత బనియన్ ముక్క అందులో తడిపి బానెట్ మీదున్న పెద్ద చుక్క మీద వేశాను. వీధి చివరిదాకా నడిచి వచ్చాను. ఎత్తి చూశాను. మళ్లీ వేసి, మళ్లీ నడిచి వచ్చాను. చివరికి పళ్లు బిగించి రుద్దాను. గుడ్డ తీస్తే బంక ఎక్కడిదక్కడే ఉంది, దాని చుట్టూ అరచేయంత మేర రంగు మెరుపు పోయింది. నోటితో ఊది తుడిచాను. అటు నిలబడి చూశాను, ఇటు వంగి చూశాను. ఎటు నుంచి చూసినా ఆ మసక అక్కడే ఉంది.

నా భార్య గుమ్మంలోంచి అంతా చూస్తోంది. "వదినెకు ఫోన్ చేసి చెప్పరాదు?" అంది.

"సాయంత్రం లోపల పోతది."

"ఏది? బంకనా, మచ్చనా?"

మళ్లీ వీధి చివరిదాకా వెళ్లొచ్చాను.

ఒంటిపూట బడులు నడుస్తున్న రోజులని నాకు గుర్తే లేదు. మధ్యాహ్నానికల్లా ఆటో ఆగింది. అక్క చేతిలో రిబ్బన్లు పట్టుకుని దిగింది. అంతలోనే నేను కారు మీదికి కవరు లాగేశాను.

"తియ్యి, జెర సూసుకుంట."

"దుమ్ము పడ్తది అక్కా, రేపు..."

ఆమె నా మాట పూర్తి కానివ్వలేదు. కవరు తనే ఎత్తింది. వంగి, ఒక చుక్కను బొటనవేలితో నొక్కి చూసింది.

"తుమ్మబంక," అంది. తరవాత లేచి నిలబడి వీధి అంతా నింపాదిగా చూసింది. మా వెంచర్‌లో ప్లాట్లు వేయడానికి అక్కడున్న చెట్లన్నీ కొట్టేసి చదును చేశారు. ఇళ్ల ముందు నాటిన మొక్కలు ఇంకా మోకాలెత్తు లేవు.

"మీ కాలనీల తుమ్మచెట్టు ఏడున్నది రా?"

నేను కవరు అంచు మడతపెట్టడం మొదలుపెట్టాను.

"ఎన్ని దినాలు తీస్కపోయినవ్?"

"రెండు."

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె థిన్నర్ డబ్బా వైపు చూసి, నా భార్యతో, "గోరువెచ్చని నీళ్లు పెట్టమ్మా. పాత చీర ముక్క ఉంటే తే," అంది.

"నీళ్లతోని పోతదా?" అన్నాను.

"కొబ్బరి చిప్పల తుమ్మబంక నానబెట్టి నీ పుస్తకాలకు అట్టలేసింది ఎవరు? గప్పుడు ఏం పోసినం, థిన్నరా?"

సిగ్గుతో తల వాలిపోయింది. ఆ బంక ఏరుకొచ్చింది నేనే. నానిన నీళ్లలో వేలు పెట్టి కలిపిందీ నేనే. పన్నెండేళ్లు సాల్వెంట్ల మధ్య తిరిగి, తెలిసిన ఆ ఒక్క సంగతీ మరిచిపోయాను.

తడి గుడ్డలు చుక్కల మీద కప్పింది. ఆరనీయకుండా నీళ్లు చిలకరిస్తూ గంటసేపు అక్కడే కూర్చుంది. మధ్యలో నేను ఒక గుడ్డ ఎత్తబోతే చేతి మీద కొట్టింది.

"ఆగు. ఆగుడొక్కటి రాలే నీకు."

గంట తరవాత బంక ఉబ్బి మెత్తబడి ఆమె వేలి కింద జారిపోయింది. పదిహేను చుక్కలూ పోయాయి, కింద రంగు చెక్కుచెదరలేదు. నేను రుద్దిన చోటు మాత్రం అలాగే ఉంది. అక్క దాన్ని కొంగుతో రెండుసార్లు తుడిచింది.

"ఇది గూడ పోతదా?"

"పోదక్కా. పాలిష్ పెట్టిస్తే కొంచెం తగ్గుతదేమో."

"ఉండనీ," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహం చూడలేకపోయాను.

రిబ్బన్లు కట్టి బయలుదేరింది. కారులో దింపుతానన్నాను. "ప్రార్థన కాలే కదరా," అని మెల్లగా అని, మెయిన్ రోడ్డు మీద షేర్ ఆటో ఎక్కింది. లోపల చోటు లేదు. సగం ఒళ్లు బయటే ఉంది.

మర్నాడు ఆరాధన అయ్యాక అందరూ మందిరం ముందు కారు చుట్టూ చేరారు. "నడిపేవాళ్లు ఎవరమ్మా? వచ్చి చెయ్యి పెట్టండి," అన్నారు అయ్యగారు. నేను ఒకడుగు వెనక్కి వేశాను. అక్క నా వైపు కాసేపు చూసింది.

"నా తమ్ముడే అయ్యగారూ," అంది.

వెళ్లి మచ్చకు దూరంగా, బానెట్ మెరుస్తున్న చోట చెయ్యి పెట్టాను. అందరూ కళ్లు మూసుకున్నారు. ప్రార్థన మొదలైంది. అక్క చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. మెల్లగా జరిపి ఆ మచ్చ మీద పెట్టింది. నా చేతి మీద తన చెయ్యి ఉంచింది. ఎండకు కాలిన రేకు అరచేతికి చురుక్కుమంది. అయ్యగారు ఏమేం అడిగారో నాకొక్క మాట కూడా వినపడలేదు.

అందరూ ఆమేన్ అన్నారు. నేను అనలేదు.

"నువ్వు గూడ అను రా," అంది అక్క, చెయ్యి తియ్యకుండానే.