వరండాలో పడుగు

పొద్దున కుక్కర్ రబ్బరు తెగిపోయి, మా ఇంటామె శానా రోజుల తర్వాత గిన్నెలో అన్నం వండి గంజి వార్చింది. ఆ వాసనకు నా వయసు నలభై ఏండ్లు వెనక్కి నడిచి, ఒంటిమిట్ట దాపున మా మగ్గాల వీధిలో నిలబడింది.

ఎండాకాలం తెల్లవారగానే ఆ వీధి పొడుగునా కొయ్యలు పాతి, చేతిలో నూలు కండెతో మా అమ్మ వాటి నడుమ పోతా వస్తా పడుగు పోసేది, అంటే చీరకు నిలువు పోగులు వరస పెట్టేది. ఆపైన గంజి పట్టించి కుంచెలతో దువ్వుతుంటే వీధంతా పులిసిన వాసన; ఉగాదికి చేసిన తీపి బక్షాలు చేతబట్టుకుని పడుగు కింద దూరి ఆడే మా పిల్లకాయల జుట్టు గంజి చుక్కలకు మేకుల మాదిరి నిక్కేది. మా అమ్మ నడిచిన నడకంతా తిన్నగా పరిస్తే కాశీకి పోయి, వెనక్కొస్తా కడప దాటిపోయి సముద్రంలో పడుతుందని బడిలో చెప్తే, అయ్యవారు బెత్తం పక్కన పెట్టి వినేవారు.

అంత నడిచిన మనిషిని కరోనా వచ్చి, కడపలో మా రెండు గదుల అద్దె ఇంట్లో కూచోబెట్టింది. వీధి మొదట్లో వెదురుకట్టెలు అడ్డం కట్టినారు. మేడ మెట్లకు ఇంటి ఓనరు తాళం వేసుకున్నాడు. డెబ్బై దాటిన ఆమె పొద్దంతా కిటికీ కాడ కూచుని ఎదురింటి గోడ చూసేది. పాదాలు వాచినాయి, బీపీ మిషన్లో అంకె దినదినం పైకే పోతోంది. మాత్రలతో పాటు ఇంట్లోనైనా నడిపించండి, ఇప్పుడు పక్షవాతం వస్తే ఆస్పత్రిలో మంచం కూడా దొరకదని డాక్టరు ఫోన్లో హెచ్చరించినాడు.

నడవమంటే కసిరింది. "పని లేకుండా ఈ గోడ కాన్నుంచి ఆ గోడ కాడికి తిరిగేదానికి నేనేమన్నా గానుగెద్దునారా?"

ఇక నాకొచ్చిన ఒకే విద్య, కథలల్లేది, బయటికి తీసినా. బెంగళూరులో ఒక షావుకారమ్మ చేత్తో పోసిన పడుగు చీరే కడతానని అన్నం మానేసి కూచుందని, దారులు తెరిస్తే కారు పంపిస్తాదని చెప్పినా. మగ్గం నాడు మిగిలి అటక మీద పడున్న నూలు దించి, వరండాలో కుర్చీలు తిరగేసినా. వాటి కాళ్లే కొయ్యలు. అమ్మ మొదటి దినం నాలుగు తిరుగుళ్లకే ఆయాసపడి గోడ పట్టుకుంది. వారం తిరక్కుండా పూటకొక గంట తిరిగేది. ఇంటిల్లిపాదీ పడుగు కింద దూరి బాత్రూముకు పోయేవాళ్లం. మెల్లగా పాదాల వాపు తగ్గింది, అంకె కిందికి దిగింది.

వెదురుకట్టెలు విప్పిన రోజు ఆమె పడుగు చుట్టి మూటగట్టింది. కారు ఇంకా రాలేదేమని నేను గొణిగితే నవ్వింది.

"అబద్ధం చెప్పేటప్పుడు చెవి గోక్కుంటావురా, పసితనం నుంచీ. చేతిలో నూలుంటే కాళ్లు వాటికవే కదుల్తాయి గదా, అందుకే నడిచినా."

ఇప్పుడు ఊర్లో మా వీధిలో మగ్గం గుంతలు పూడ్చి బండలు పరిచినారు, కొయ్య పాతేదానికి వేలెడు మట్టి లేదు. ఈ పొద్దు గంజి వాసనకు అమ్మ కూడా లేచి, మూట దించమంది. పోగులు విప్పి, గంజి గిన్నెలో వేళ్లు ముంచి, కొంచెం రాసి చూసింది.

"దీన్ని ఏ మగ్గానికి ఎక్కిస్తామురా?"

నా చెయ్యి చెవి దాకా పోయింది. దాన్ని దించి, విప్పిన పోగుల రెండో కొస పట్టుకున్నా.