రొయ్యలవ్వ

మొన్న ఆదివారం మహబూబ్‌నగర్‌లోని నా కిరాయి గదిలో బట్టలు మడత పెట్టుకుంటుంటే, పాత నంబరుకు ఎవరో ఫోను చేసి, తానెవరో కూడా చెప్పకుండా, "రొయ్యలవ్వ ఉందా?" అని అడిగారు. అవ్వ లేదని, పోయి చాలా రోజులైందని చెప్పాను. పాపం ఆయన నొచ్చుకుని పెట్టేశాక, మడత పెట్టినవీ పెట్టనివీ అట్లాగే వదిలేసి కిటికీ దగ్గర కూర్చుండిపోయాను.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, రాష్ట్రం వచ్చాక మన చిన్న ఊళ్లలోనూ అందరి చేతుల్లోకి స్మార్ట్‌ఫోన్లు వచ్చి, ఎవరికి ఏ పిచ్చి ఉంటే ఆ పిచ్చికి ఒక వాట్సాప్ గ్రూపు దొరికిన కాలం. రామన్నపేటలో మా ఇంటి నుంచి బస్సులో వెళ్లి డిగ్రీ చదువుకునే నాకు, నలుగురిలో నోరు పెగలని నాకు, పుస్తకాలూ డైరీ కాక ఉన్న మూడో లోకం ఒక గాజు తొట్టి. అందులో ఎర్రటి చెర్రీ రొయ్యలు ఉండేవి. కూరకు పనికొచ్చేవి కావు, గోరుకన్నా కాస్త పొడుగు, అంతే. చూసుకుని మురిసిపోవడానికి పెంచేవి. తల్లి రొయ్య కడుపు కింద గుడ్లు మోస్తూ, చిట్టి కాళ్లతో వాటికి నీళ్లు విసురుతుంటే నేను పాఠం తెరిచిన పేజీలోనే మరిచిపోయేదాన్ని.

పిల్లలు పెరిగి తొట్టి ఇరుకైనప్పుడల్లా ఫొటో తీసి రొయ్యలు పెంచేవాళ్ల గ్రూపులో పెట్టి అమ్మేదాన్ని. అంతవరకే నా ధైర్యం. ఫోను మోగితే ఎత్తలేకపోయేదాన్ని. అందుకే ఆ పని మా అవ్వ, అంటే బాపును కన్నతల్లి, తన మీద వేసుకుంది. కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి ఫోనెత్తేది, కొనేవాళ్లకు రొయ్యలవ్వ అయిపోయింది. "కూరకు గాదు బిడ్డా, సూడనీకె. వండుకుంటనంటే ఇయ్య" అని మొదటే తేల్చేసేది. ఎవరైనా బేరమాడితే, "మేకపిల్లలను అమ్మి ముసలిదాన్నయిన, నీ బేరాలు నాకు కొత్తనా?" అని నవ్వేది.

రొయ్యలను పంపే పాలిథిన్ సంచిలో, దారిలో పట్టుకుని కూర్చోవడానికి వాటికి ఆసరాగా కొంచెం నాచు వేస్తాం. అవ్వకు అది, ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు ఒడిలో పోసే ఒడిబియ్యంలాగా తోచింది. నాచుతో పాటు అవి మేయడానికి ఎండిన బాదం ఆకు ముక్కొకటి తన చేత్తోనే వేసి, "ఆడివిల్లను ఉత్త ఒడితోని తోలుతరా?" అని నన్ను కసిరేది.

ఒక ఎండాకాలం పరీక్షల కోసం నల్లగొండలో మేనత్త ఇంట్లో ఉన్నాను. తొట్టిలో నీళ్లు తగ్గితే, నల్లా నీళ్లు బకెట్లో పట్టి, క్లోరిన్ మందు వాసన పోయేదాకా ఉంచి పోయమని అవ్వకు చెప్పి వెళ్లాను. నేను లేనప్పుడు నల్లా రాలేదు. నీళ్లేమో అడుగంటుతున్నాయి. అవ్వ ఆలోచించి, ఇంట్లో అన్నిటికన్నా మంచివనుకున్న నీళ్లు పోసింది. చింతపండుతో తళతళలాడేట్టు తోమిన రాగిబిందెలో, బాపు పొద్దున్నే తాగుతాడని నిలవ ఉంచిన నీళ్లు. మనకు మేలని తాగే ఆ రాగి నీళ్లే రొయ్యలకు విషమని ఆమెకు ఎట్లా తెలుస్తుంది?

నేను వచ్చేసరికి అన్నీ అడుగున పాలిపోయి పడి ఉన్నాయి. "బాపు తాగే నీళ్లే పోసిన బిడ్డా, మంచియే పోసిన" అని అవ్వ గోడకు ఆనుకుని అదే మాట అంటూ ఉంది. ఆ రోజు నుంచి ఫోను ముట్టలేదు. మోగితే కొంగు సర్దుకుని బయటికి వెళ్లిపోయేది. తొట్టి కేసి చూడనే లేదు. రొయ్యలు మళ్లీ దొరుకుతాయి, అవ్వ మాట దొరకదేమోనని నాకు భయం పట్టుకుంది.

దుకాణంలో కొన్న పరాయి రొయ్యలను ఆమె దగ్గరికి రానివ్వదు. మన తొట్టిలో పుట్టినవో, వాటి పిల్లలో కావాలి. షాద్‌నగర్‌లో కంపెనీ పనికి వెళ్లే ఒక అక్క అంతకుముందు మా దగ్గర కొన్నది. ఏం మాట్లాడాలో డైరీలో రాసుకుని మరీ ఫోను చేశాను. హలో అనగానే రాసుకున్నదంతా ఎగిరిపోయింది.

"ఎవలు? రొయ్యలవ్వ మనుమరాలివా? నీకు మాటలొస్తయా పిల్లా?" అని పకపకా నవ్విందామె. తడబడుతూనే జరిగిందంతా చెప్పాను.

సెలవు రోజు చూసుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని, బస్సులు మారి తానే వచ్చింది. నేను ముందే తొట్టి కడిగి, బకెట్లో నిలవ ఉంచిన నీళ్లు నింపి పెట్టాను. "అవ్వా, నీ ఆడివిల్ల పిల్లలను తోల్కొచ్చిన, సూడవా?" అంది గుమ్మంలోనే. అవ్వ లేవలేదు. కూర్చున్నచోటి నుంచే, "నాసు ఏసినవా?" అంది నెమ్మదిగా.

"నువ్విచ్చిందే. మా తొట్ల గుబురుగా పెరిగింది."

అవ్వ లేచి వచ్చి, సంచిని వెలుతురుకెత్తి చూసి, ముడి విప్పడానికి కూర్చుంది. ఆ సాయంత్రమే రాగిబిందెను తానే మోసుకెళ్లి వంటింట్లో దూరంగా పెట్టింది. కొద్ది రోజులకు ఫోను మోగితే నాకన్నా ముందు ఎత్తి, "ఉన్నయ్ గాని ఇప్పుడియ్య, బాలింతలున్నరు" అని చెప్పడం విని, నేను పుస్తకం అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

ఇప్పుడు అవ్వా లేదు, తొట్టీ లేదు. ఇంట్లో తాగేవి క్యాన్ నీళ్లు. రాగిబిందె అమ్మ అలంకరించుకున్న అల్మారాలో ఉంది. ఆఫీసులో పొద్దంతా ముక్కూమొహం తెలియనివాళ్లతో తడబడకుండా ఫోనులో మాట్లాడుతుంటాను. అయినా గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు ఫోను మోగితే ఇప్పటికీ వెంటనే ఎత్తను. కాసేపు మోగనిస్తాను, లోపలి నుంచి ఎవరో కొంగుకు చేతులు తుడుచుకుంటూ వస్తున్నట్టు.