చూసిన అన్న మాట

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో, బెల్లంపల్లి బొగ్గు బాయిలో పైకప్పు నుంచి ఓ బొగ్గు పెళ్ళ నా మెడ మీద పడింది. ఏడాది గడిచినా నొప్పి పోలేదు. దవాఖానాలో డాక్టరు, "ఎముక మంచిగనే ఉన్నది. మెల్లమెల్లగ తిప్పు, లేకుంటే బిగుసుకపోతది" అన్నాడు. ఆయనకేం, మెడ ఆయనది కాదుగా. తల ఎత్తితే నరం తెగి అక్కడే కూలిపోతానని నా భయం. ఎవరైనా పిలిస్తే మెడ కదపకుండా ఒళ్ళంతా తిప్పేవాణ్ణి. "దొర వస్తుండు, జరుగుండ్రి" అని తోటివాళ్ళు ఆటపట్టించేవారు. నేనూ నవ్వేవాణ్ణి.

కానీ నాది తల ఎత్తాల్సిన పని. బొగ్గు నింపేవాళ్ళు కూర్చోకముందే పైకప్పును ఇనుప కడ్డీతో కొట్టి చప్పుడు వినాలి, టోపీకున్న బత్తి వెలుగులో పగుళ్ళు వెతకాలి. కప్పు చూసేవాడు "చూసిన" అంటే చాలు, ఇంకెవరూ తలెత్తరు. మళ్ళీ చూస్తే, ఆ మాట అన్న మనిషిని నమ్మనట్టే. మెడ ఎత్తకపోతే బత్తి వెలుగు పైకి పోదు. ఏడాదిగా నేను చెవులతోనే నెట్టుకొస్తున్నాను. ఈ సంగతి నా భార్యకు కూడా చెప్పలేదు.

ఒక రోజు బొగ్గు నింపడానికి నాతో ఉన్నది ఆమె తమ్ముడే. కడ్డీతో కొట్టాను. చప్పుడు డొల్లగా లేదు, గట్టిగానే ఉంది.

"బావా, చూసినవా?"

"చూసిన."

వాడు కూర్చుని తట్ట నింపసాగాడు. కాసేపటికి నా ముంజేతి మీద చిటికెడు దుమ్ము రాలింది. పైన ఏదో కదులుతోంది. లేవమంటే ఎందుకంటాడు. చూడలేదని ఒప్పుకోవాలి. నడుము వెనక్కి వంచాను. వెలుగు ఎదుటి గోడ సగం దాకా పోయి ఆగింది. మెడ మాత్రం ఎత్తలేకపోయాను.

వాడి తట్టలో చిన్న రాయి పడింది.

"ఏంది బావా?"

ఇంకో రాయి పడింది. అప్పుడు ఎత్తాను తల. వాడికి సరిగ్గా పైన, వేలు పట్టేంత పగులు.

"ఉరుకు!" అంటూ చెయ్యి పట్టి లాగాను. లేస్తూ వాడూ పైకి చూశాడు. పది అడుగులు దాటామో లేదో కప్పు కూలింది.

మెడ తిప్పి వెనక్కి చూశాను. ఏ నరమూ తెగలేదు. వాడు దగ్గుతూ నావైపే చూస్తున్నాడు.

"గా పగులు గిప్పటిది కాదు. చూసిన అంటివి గద బావా."

సిగ్గుతో చచ్చిపోయాను.

వాడు ఎవరికీ చెప్పలేదు, అక్కకు కూడా. నేను రోజూ కొంచెం కొంచెం తిప్పుతూ పోతే మూడు నెలల్లో మెడ దారికొచ్చింది. ఆ తర్వాత ప్రతిరోజూ నిజంగానే తలెత్తి, మూలమూలా వెతికి "చూసిన" అనేవాణ్ణి. వాడు సరేనని తలూపి, తన బత్తి పైకెత్తి, మళ్ళీ ఒకసారి చూసుకుని కూర్చునేవాడు.