మగ్గం ఎరగని మా ప్రతినిధి

యుద్ధం రోజుల్లో గద్వాలకు నూలు సరిగా వచ్చేది కాదు. మా వీధిలో మగ్గాల చప్పుడు ఒక్కో ఇంట్లో ఆగిపోతూ వచ్చింది. అప్పుడు కబురొచ్చింది: నేతగాళ్లు తమలో ఒకరిని ఎన్నుకోవాలట, వనపర్తిలో మకాం వేసిన పెద్ద అధికారికి అతను మా గోడు చెప్పాలట.

మగవాళ్లమంతా చేరాం. నూలు అమ్మే షావుకారు జరీ తలపాగాతో లేచి నిలబడ్డాడు. తెగిన పోగు అతకడం అతనికి రాదు. ఉర్దూ వచ్చు, అధికారుల ముందు నవ్వడం వచ్చు. అంతే చాలనుకొని చేతులెత్తాం. నేనూ ఎత్తాను. కండెలు చుట్టే మా మేనత్త మాత్రం గడపలోంచి అరిచింది.

"నూలు దాసిపెట్టినోన్నే నూలు అడగనీకె తోల్తరా? మీకేమన్న పిచ్చి లేసిందా?"

ఆడవాళ్ల మాట అక్కడ ఎవడికి కావాలి?

మా గోడు అర్జీగా రాసింది నేనే కనక షావుకారు నన్నూ వెంట తీసుకెళ్లాడు. పుట్టిలో కృష్ణ దాటి, ఎడ్లబండి మీద వనపర్తి చేరాం. అధికారి మా కష్టాలేమిటని అడిగాడు. షావుకారు నడుము వంచి సలాము చేసి, హుజూరు దయవల్ల అందరూ సుఖంగా ఉన్నారన్నాడు. ఆ వెంటనే, వచ్చే నూలంతా తన దుకాణం నుంచే పంచేలా చూడమని బతిమాలాడు. మా అర్జీ అతని కోటు జేబులోంచి బయటికే రాలేదు. ఉర్దూ నాకూ అర్థమవుతుంది. అయినా పిరికివాడిలా నిలబడ్డాను.

గద్వాలలో దిగగానే అతను గొంతు పెంచాడు. "మీకోసం గంటసేపు కొట్లాడిన! అధికారికి చెమటలు పట్టించిన!"

మేనత్త నా రెక్క పట్టుకుంది. "నువ్వు జెప్పురా, వాడు ఏం మాట్లాడిండు?"

ఈసారి ఉన్నదున్నట్టు చెప్పేశాను. మా కులపెద్ద దగ్గాడు.

"షావుకారు పెద్దమనిషి. జర అధికారులకు మర్యాద జెయ్యాలె గద. అన్ని ఒక్కపారే అడుగుతడా?"

తెచ్చిన దండ షావుకారు మెడలో వేసి చప్పట్లు కొట్టారు. నాకు షావుకారు మీదకంటే ఆ చప్పట్ల మీదే ఎక్కువ అసహ్యం వేసింది.

నూలు వచ్చింది, అతని దుకాణానికే. దండ వేసినవాళ్లకు దొరికింది, మాకు లేదన్నాడు. ఆ ఏడు నేనూ మేనత్తా వేరుశనగ చేలల్లో కలుపు తీశాం. "నూలు లేకున్న బతుకుతున్నం, వాడు లేకుంటె సస్తమా?" అనేది అత్త, చేతుల మన్ను దులుపుకుంటూ.

వీధిలోవాళ్లు మాత్రం అతను చచ్చేదాకా అతన్ని ప్రతినిధిగారనే పిలిచారు.